బోహిన్ సరస్సులో వాడి పుట్టినరోజు

శనివారం

స్లొవేనియా రాజధాని లుబ్లియానాలో బస్సెక్కితే బోహిన్ చేరడానికి సుమారు రెండు గంటలు పడుతుంది. దారిలో బ్లెడ్ వస్తుంది. స్లొవేనియా అనగానే ఫోటోల్లో కనిపించేది ఆ సరస్సే. నీళ్ల మధ్య చిన్న దీవి, దాని మీద చర్చి, అక్కడికెక్కడానికి 99 మెట్లు, కోరిక కోరుకుని మోగించే గంట. బస్సులో సగానికి పైగా జనం అక్కడే దిగిపోయారు. మా అమ్మాయి కిటికీ అద్దానికి ముక్కు ఆనించి దీవి కనిపిస్తుందేమోనని చూసింది. మేం దిగలేదు. కోరుకోమంటే మేం ముగ్గురం కోరుకునేది ఒకటే. అది గంట కొడితే తిరిగొచ్చేది కాదు.

బ్లెడ్ దాటాక లోయ ఇరుకవుతుంది. సావా బోహింకా నది రోడ్డు పక్కనే మనతో వస్తుంది. రిబ్చెవ్ లాజ్‌లో బస్సు దిగి నాలుగడుగులు వేశామో లేదో, సరస్సు మొత్తం ఎదురుగా పరుచుకుని ఉంది. 4.2 కిలోమీటర్ల పొడవు, సుమారు కిలోమీటరు వెడల్పు, చుట్టూ జూలియన్ ఆల్ప్స్ కొండలు. ఇదంతా ట్రిగ్లావ్ జాతీయ పార్కు పరిధిలోకి వస్తుంది. ఇక్కడ మోటారు పడవలు తిరగనివ్వరు. పర్యాటకుల్ని అటూ ఇటూ తిప్పే పెద్ద పడవ కూడా బ్యాటరీతో నడిచేదే. చప్పుడు లేని నీళ్లు కావాలనే నేను ఈ చోటు వెతికి పట్టుకున్నాను.

అసలు సరస్సే ఎందుకంటే, అది మా పెద్దవాడి కోరిక. తొమ్మిదేళ్ల వయసులో లుకేమియాతో పోయాడు. పిల్లాడు పోయాడనీ, మేం నీళ్లున్న చోటికి వెళ్తున్నామనీ వినగానే మునిగిపోయాడేమో అనుకుంటారు కొందరు. కాదు. నీళ్లు వాడికి ఏ అపకారమూ చేయలేదు. నీళ్లలో ఉన్నంతసేపూ వాడు హాయిగా ఉండేవాడు.

పిల్లలకొచ్చే క్యాన్సర్లలో ఎక్కువగా కనిపించేది లుకేమియానే. మంచి వైద్యం అందితే ఇప్పుడు చాలామంది పిల్లలు బాగవుతున్నారు. అలా బాగై బడికెళ్తున్న పిల్లల గురించి ఎవరైనా చెబితే మనస్ఫూర్తిగా సంతోషిస్తాను. ఆ రాత్రి మాత్రం నిద్ర పట్టదు.

చికిత్స మొదట్లోనే వాడి ఛాతీ దగ్గర సెంట్రల్ లైన్ పెట్టారు. అది ఉన్నన్నాళ్లూ ఈత కుదరదన్నారు. ఆ గొట్టం నేరుగా పెద్ద రక్తనాళంలోకి వెళ్తుంది కాబట్టి నీళ్లలోని సూక్ష్మజీవులు లోపలికి చేరితే ప్రమాదం. అప్పటిదాకా వారానికి నాలుగుసార్లు ఈతకు పోయిన పిల్లాడు మంచం మీద పడుకుని ఫోన్‌లో సరస్సుల వీడియోలు చూడటం మొదలుపెట్టాడు. సముద్రం వద్దు, అలలు వద్దు. అడుగున రాళ్లు కనిపించే నీళ్లు కావాలి వాడికి. "ఈ గొట్టం తీసేశాక ఇలాంటి దాంట్లో దిగుదామా అమ్మా?" అనేవాడు. దిగుదాం నాన్నా అనేదాన్ని. గొట్టం తీశారు గానీ, తీసినట్టు వాడికి తెలియదు.

అప్పటినుంచి వాడి పుట్టినరోజు పడే వారం ఇంట్లో ఉండలేకపోతున్నాం. నీళ్లున్న చోటు చూసుకుని వెళ్లిపోతాం. ఈసారి ఆ రోజు మంగళవారం వచ్చింది. టికెట్లు తీసింది మా ఆయనే. తేదీలు కూడా తనే చూసుకున్నారు. అవే తేదీలు ఎందుకో ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఆదివారం

ఉత్తరపు ఒడ్డున కార్లు వెళ్లే రోడ్డు లేదు. స్టారా ఫుజినా ఊరివైపు నుంచి కాలిబాట పట్టుకుని వెళ్తే చెట్ల మధ్య చిన్న చిన్న గులకరాళ్ల ఒడ్లు వస్తాయి. నీడా ఎండా రెండూ ఉన్న చోటు ఒకటి చూసుకుని సామాను దింపాం.

ఆగస్టులో ఇక్కడ పైనీరు 22 డిగ్రీల దాకా వేడెక్కుతుంది. వినడానికి బాగానే ఉంటుంది గానీ నడుము దాకా దిగేసరికి ఒళ్లు జివ్వుమంటుంది. చల్లనీళ్లు తగలగానే మన ప్రమేయం లేకుండానే ఊపిరి ఎగబీలుస్తాం, గుండె దడదడలాడుతుంది. ఒకటి రెండు నిమిషాల్లో అది సర్దుకుంటుంది. అందుకే ఒడ్డు మీంచి అమాంతం దూకకూడదు. మెల్లగా దిగి, మెడ వెనక కాస్త తడుపుకుని, ఊపిరి నిదానించాకే తల ముంచాలి. మా అమ్మాయికి ఇదంతా చెప్పి, తను మూడుసార్లు నెమ్మదిగా గాలి వదిలి చూపించాకే చెయ్యి వదిలాను.

తను పెట్టుకున్న నీలం ఈత కళ్లద్దాలు వాళ్ల అన్నయ్యవి. రబ్బరు పట్టీ ఇన్నేళ్లలో కాస్త బిరుసెక్కింది. పక్కనున్న ప్లాస్టిక్ బకిల్ దగ్గర వాడి తలకి సరిపడా బిగించిన చోట పట్టీ మీద తెల్లటి గీత పడిపోయింది. ఈ పొద్దున బిగుతుగా ఉన్నాయంటే వదులు చేశాను. ఆ తెల్ల గీత బకిల్ దాటి ఒక వేలెడు ముందుకు జరిగింది. తనకిప్పుడు పదేళ్లు. వాడు ఎప్పటికీ చేరుకోని పదో ఏడు తనకి మొన్ననే వచ్చింది. బకిల్ మళ్లీ నొక్కి, కళ్లద్దాలు తనకిచ్చి, "చూసుకో, ఇప్పుడు సరిపోయాయా" అన్నాను.

మా ఆయన అమ్మాయి దగ్గరే ఉన్నారు. నడుముకి నారింజరంగు బుయ్, అంటే నీళ్ల మీద తేలే గాలిసంచి, కట్టుకుని నేను ఒడ్డు వెంబడే ఈదుకుంటూ వెళ్లాను. దూరంగా వెళ్లే పడవలకి మనిషి కనిపించాలంటే అది ఉండాల్సిందే. అలుపొస్తే పట్టుకుని తేలడానికీ పనికొస్తుంది. మొదట అడుగున రాళ్లు ఒక్కొక్కటీ విడివిడిగా కనిపించాయి. మధ్యలో పడిపోయిన చెట్టు మాను ఒకటి, దాని నీడలో కదలకుండా నిలబడ్డ చేపలు. తర్వాత నేల వాలుగా దిగిపోయింది. ఇంకో పది బారలు వేసేసరికి కింద పచ్చటి నలుపు తప్ప ఏమీ లేదు. బాగా లోతున్న చోట ఈ సరస్సు 45 మీటర్లుంటుంది.

అక్కడ ఆగి నిలువుగా తేలాను. భుజాల దగ్గర నీళ్లు గోరువెచ్చగా, పాదాల దగ్గర మంచులా ఉన్నాయి. వేసవిలో సరస్సు నీళ్లు ఇలా పొరలుగా విడిపోతాయి. ఎండకు వేడెక్కిన నీరు తేలికై పైన ఉంటే, బరువైన చల్లనీరు కిందే ఉండిపోతుంది. కాళ్లు ముడుచుకుంటే వెచ్చగా, చాపితే చల్లగా. వాడికి ఇది చెప్పి ఉంటే ఎన్నిసార్లు ముడిచి చాపేవాడో.

ఏడుపొచ్చింది. కళ్లద్దాల్లో ఏడిస్తే లోపల ఆవిరి పట్టి ఏమీ కనిపించదు. తీసి మెడకి వేసుకుని వెల్లకిలా తేలాను. చెవులు నీళ్లలో ఉంటే బయటి చప్పుళ్లేవీ రావు. గట్టిగానే ఏడ్చాను. "ఊరుకో" అనేవాళ్లు లేకుండా ఏడవడం ఎంత అవసరమో బిడ్డను పోగొట్టుకున్నవాళ్లకే తెలుసు. మా వాళ్లందరూ ప్రేమతోనే ఊరుకోమంటారు. ఆ మాట వింటే ఏడుపుతో పాటు వాడి పేరు కూడా గొంతులోనే ఆగిపోతుంది నాకు.

సోమవారం

పొద్దున్నుంచీ మబ్బు. ఈత మానేసి వంతెన దగ్గరున్న సెయింట్ జాన్ ద బాప్టిస్ట్ చర్చి చూడ్డానికి వెళ్లాం. సరస్సు నీళ్లు బయటికి పారే చోట రాతి వంతెన, దానికి ఆనుకుని చర్చి. లోపల గోడల నిండా వందల ఏళ్ల నాటి చిత్రాలున్నాయి. కానీ నన్ను పట్టి ఆపేసింది బయటి గోడ మీద ఉన్న బొమ్మ.

అది సెయింట్ క్రిస్టఫర్. రంగులు వెలిసిపోయాయి గానీ మనిషి మాత్రం ఇంకా నిలువెత్తుకు మించి ఉన్నాడు. భుజం మీద ఒక పిల్లాడు. ఆయన కథ యూరప్‌లో చాలా పాతది. ప్రయాణికుల్ని భుజాన ఎక్కించుకుని నది దాటించే బలశాలి. ఒకరోజు ఒక పసివాణ్ణి ఎక్కించుకున్నాడు. నది మధ్యకి వచ్చేసరికి ఆ పిల్లాడు మోయలేనంత బరువయ్యాడు. ఎలాగో అవతలి ఒడ్డు చేరాక, ఆ పసివాడు క్రీస్తు అని తెలిసింది. మధ్యయుగాల్లో ఈయన బొమ్మ చూసినవాళ్లకి ఆ రోజు అర్ధాంతరపు చావు రాదని నమ్మేవారు. అందుకే చర్చిల బయటి గోడల మీద, దారిన పోయేవాళ్లకి దూరం నుంచే కనిపించేలా ఇంత పెద్దగా గీయించేవారు.

నేను చాలాసేపు అక్కడే నిలబడ్డాను. వాడు నడవలేకపోయిన రోజుల్లో మా ఆయన వాణ్ణి స్కాన్ గదికి ఎత్తుకునే తీసుకెళ్లేవారు. వీల్‌చైర్ ఉన్నా సరే. రోజురోజుకీ తేలికైపోయాడు వాడు. ఇక్కడ గోడ మీది పిల్లాడు బరువెక్కుతున్నాడు. ఈ బొమ్మ వేసినవాళ్లు ఎవరో గానీ, భుజం మీది పిల్లాణ్ణి తలెత్తి చూసే మనిషి ముఖం ఎలా ఉంటుందో వాళ్లకి తెలుసు.

మా అమ్మాయి కూడా తలెత్తి చూస్తోంది. "ఆయనకి ఈత వచ్చా?" అంది.

"నడిచి దాటాడట."

"ఈత రాకపోయినా దిగాడా?"

వాళ్ల నాన్న "ఊఁ" అన్నారు. అని, మా ఇద్దరికీ వీపు పెట్టి వంతెన మీదికి వెళ్లి నిలబడ్డారు. మేం పిలవలేదు. వాన మొదలయ్యాక ఆయనే వచ్చి గొడుగు విప్పారు.

మంగళవారం

ఐదున్నరకే మెలకువ వచ్చింది. చూస్తే ఆయన అప్పటికే తువ్వాళ్లు సంచిలో సర్దుతున్నారు. అమ్మాయిని లేపుదామా అన్నాను. "లేచే ఉంది" అన్నారు.

వాన వెలిసింది. నీళ్ల మీద పొగమంచు చేతి ఎత్తున ఆగి ఉంది. గాలి కంటే నీళ్లే వెచ్చగా అనిపించాయి. ముగ్గురం ఒకేసారి దిగాం. భుజాలదాకా వచ్చాక అమ్మాయి అడిగింది.

"అమ్మా, ఇప్పుడు నేను అన్నయ్య కంటే పెద్దదాన్నా?"

ఈ ప్రశ్న ఎప్పుడో ఒకప్పుడు వస్తుందని తెలుసు. రకరకాల జవాబులు అనుకుని పెట్టుకున్నాను. అవేవీ నోటికి రాలేదు. "వాడు నీకంటే నాలుగేళ్లు ముందు పుట్టాడు. అదెప్పటికీ మారదు. ఈ రోజుతో వాడికి పద్నాలుగు" అన్నాను. అలా అంటే తప్పేమో అని కొందరు నాతో అన్నారు. పోయినవాడి వయసు ముందుకు లెక్కపెట్టకూడదట. నేను లెక్కపెడతాను. వాడి తోటి పిల్లలు తొమ్మిదో తరగతికి వచ్చారు, గొంతులు మారుతున్నాయి. వాళ్లు కనిపించినప్పుడల్లా నాకు లెక్క దానంతటదే వచ్చేస్తుంది.

అమ్మాయి కాసేపు ఆలోచించి, గట్టిగా గాలి పీల్చి నీళ్లలో మునిగింది. బుడగలు బుడబుడమంటూ పైకొచ్చాయి. తేలి, "ఏమన్నానో చెప్పండి" అంది.

ఇది వాళ్లిద్దరి ఆట. ఇంట్లో బకెట్ నిండా నీళ్లు పెట్టుకుని ఒకరు ముఖం ముంచి ఏదో అరిచేవారు, రెండోవాళ్లు కనిపెట్టాలి. బాత్రూమ్ అంతా తడి చేసేవాళ్లు. అప్పటికి తనకి ఐదేళ్లైనా నిండలేదు. మర్చిపోయిందనుకున్నాను.

నేనేదో అనబోయేలోపు మా ఆయన వాడి పేరు చెప్పారు. వాడు పోయాక ఆయన నోట ఆ పేరు నేను విన్నది చాలా తక్కువ. కాగితాల మీద సంతకాలు పెట్టేటప్పుడు, ఎవరైనా అడిగినప్పుడు, అంతే.

"కరెక్ట్" అంది అమ్మాయి. "ఇప్పుడు మీ వంతు."

ఆయన మునిగారు. నేను మునిగాను. ఒకరి తర్వాత ఒకరం వాడి పేరే అరిచాం. ప్రతిసారీ ఒకటే జవాబు అని తెలిసినా తను ప్రతిసారీ కాసేపు ఆలోచించినట్టు ముఖం పెట్టి మరీ చెప్పింది. నీళ్లలో అరిస్తే ఎంత గట్టిగా అరిచినా ఒడ్డుమీద ఎవరికీ వినిపించదు.

తర్వాత ముగ్గురం నిదానంగా ఈదాం. పొగమంచు తేలిపోయి అవతలి ఒడ్డు కనిపించింది. నా పక్కన ఈదుతున్న ఆయన ఒక బారకీ ఇంకో బారకీ మధ్య, "ఈపాటికి నన్ను దాటేసి ఉండేవాడు" అన్నారు.

"ఎప్పుడో దాటేసేవాడు" అన్నాను.

ఒడ్డుకొచ్చాక అమ్మాయి పెదాలు నీలంగా ఉన్నాయి. చల్లనీళ్లలోంచి బయటికొచ్చాక కూడా ఒంట్లో వేడి కాసేపు తగ్గుతూనే ఉంటుంది. తడి బట్టలు వెంటనే మార్చి, టోపీ పెట్టి, స్వెటర్ తొడిగి నడిపించాం. వణుకు తగ్గిందాకా ఇద్దరం చెరో పక్కనుంచి తన చేతులు రుద్దుతూనే ఉన్నాం.

బుధవారం

పడవలో సరస్సు అవతలి కొస ఉకాంట్స్‌కి వెళ్లాం. పడవలో తెలుగు వినిపించి ఒకావిడ మావైపు తిరిగింది. అరవై దాటి ఉంటాయి, కొడుకూ కోడలితో వచ్చారట. ఇంత దూరంలో తెలుగు వినపడితే ఎవరికైనా ప్రాణం లేచొస్తుంది. కబుర్లు కలిశాయి. తర్వాత నేను ఎదురుచూస్తున్న ప్రశ్నే వచ్చింది.

"ఒక్కతేనా అమ్మా మీకు?"

ఈ ప్రశ్నలో ఏ తప్పూ లేదు. అందరూ అడిగేదే. అయినా ప్రతిసారీ నా గుండె జారుతుంది. అవునంటే వాణ్ణి కాదన్నట్టు. కాదంటే ఎదుటి మనిషి ముఖం వాడిపోతుంది, ఆవిణ్ణి నేను ఓదార్చాల్సి వస్తుంది. బస్సులోనో క్యూలోనో ఐతే అవుననేసి ఊరుకుంటాను. అది వాణ్ణి మర్చిపోవడం కాదని నాకు నేను చెప్పుకుంటాను.

ఈసారి మా అమ్మాయే చెప్పేసింది. "నాకు అన్నయ్య ఉన్నాడండీ. చనిపోయాడు. నిన్న వాడి బర్త్‌డే."

ఆవిడ అయ్యో అనలేదు. దేవుడు మంచివాళ్లనే తొందరగా తీసుకుపోతాడని అనలేదు. ఇంకొకరిని కనకపోయారా అని కూడా అనలేదు. ఇవన్నీ విన్నాను నేను. ఆవిడ నా మోచేతి మీద చెయ్యి వేసి, "పేరేంటి తల్లీ?" అని అమ్మాయినే అడిగింది. అమ్మాయి చెప్పింది. "మంచి పేరు. ఎలా ఉండేవాడు?" అంది. పడవ ఒడ్డు చేరేదాకా మా పిల్ల వాళ్లన్నయ్య గురించి చెబుతూనే ఉంది. కొన్ని నిజంగా జరిగినవి, కొన్ని మా దగ్గర విని తన జ్ఞాపకాలే అనుకుంటున్నవి. నేను దిద్దలేదు.

బిడ్డ పోయినవాళ్లతో ఏం మాట్లాడాలో తెలియడం లేదని చాలామంది బాధపడతారు. పేరు అడగండి. ఎలా ఉండేవాడో అడగండి. మేం ఏడుస్తామేమో అని భయపడకండి, ఎలాగూ ఏడుస్తూనే ఉంటాం.

ఉకాంట్స్ నుంచి సావిట్సా జలపాతం వైపు నడిచాం. ఆఖర్న ఐదు వందలకు పైగా మెట్లున్నాయి. రాతిగోడ మధ్యలోంచి నీరు తన్నుకొచ్చి 78 మీటర్లు కిందికి పడుతుంది. పైన కొండల్లో కురిసిన వానా కరిగిన మంచూ సున్నపురాతి పగుళ్లలోకి ఇంకి, లోపల్లోపలే ప్రయాణించి ఇక్కడ బయటపడతాయి. ఆ నీళ్లే సరస్సులో చేరతాయి, రాతి వంతెన కింద నుంచి బయటికి పారతాయి, సావాలో కలిసి బెల్‌గ్రేడ్ దగ్గర డాన్యూబ్‌లోకి, అక్కణ్ణుంచి నల్ల సముద్రంలోకి పోతాయి.

"మనం నిన్న అరిచిన నీళ్లు కూడానా?" అంది అమ్మాయి.

అవి కూడా.

గురువారం

రోజంతా ఉరుములు, మెరుపులు. నీళ్లలోకి దిగే ప్రశ్నే లేదు. గదిలోనే ఉండి ముగ్గురం బాగా నిద్రపోయాం.

శుక్రవారం

బస్సుకి ముందు చివరిసారి దిగాం. వానలకి నీటిమట్టం కాస్త పెరిగింది, ఆదివారం తువ్వాళ్లు పరిచిన గులకరాళ్లు సగం నీళ్లలో ఉన్నాయి. అమ్మాయి బుయ్ పట్టుకోకుండా లోతు మొదలయ్యే చోటుదాకా ఈదింది. నేను పక్కనే ఉన్నాను.

తిరుగు బస్సులో తను కిటికీకి ఆనుకుని నిద్రపోయింది. మా ఆయన కాసేపు రోడ్డు చూసి, "నీకొక సంగతి చెప్పలేదు" అన్నారు.

వాడు ఈతకెళ్లిన ఆఖరి వారం. మర్నాడు రక్తపరీక్ష ఉంది. ఏదో ఇన్ఫెక్షనే అనుకుంటున్నాం అప్పటికి. ఆ సాయంత్రం వాణ్ణి కొలనుకి తీసుకెళ్లింది ఆయనే. లోతు వైపు నుంచి దూకుతానన్నాడట. నేనెప్పుడూ ఒప్పుకునేదాన్ని కాదు. "అమ్మకి చెప్పనంటేనే దూకుతా" అన్నాడట. ఆయన మాటిచ్చారు. ఇన్నేళ్లూ ఆ మాట మీదే ఉన్నారు.

పోయిన బిడ్డ గురించి కొత్తగా తెలుసుకునేది ఇంకేమీ ఉండదనుకుంటాం. ఉన్న ఫోటోలే, ఉన్న కథలే, తిప్పి తిప్పి చూసుకోవాలి. నాకు ఆ బస్సులో, వాడు పోయిన ఐదేళ్ల తర్వాత, వాడు చేసిన కొత్త పని ఒకటి తెలిసింది.

బ్లెడ్ వచ్చేదాకా ఆయన్ని వదల్లేదు. ఎంత లోతు? రెండు మీటర్లు. అడుగు తాకాడా? కాలు ఆనించి తన్ని పైకొచ్చాడు. భయపడ్డాడా? వచ్చీ రాగానే ఇంకోసారి అన్నాడు. మళ్లీ దూకనిచ్చారా? రెండుసార్లు. ముక్కు మూసుకున్నాడా?

"మూసుకున్నాడు" అన్నారు. "ఎడం చేత్తో."

అవును, ఎడం చేత్తోనే మూసుకుని ఉంటాడు. వాడు అన్నీ ఆ చేత్తోనే చేసేవాడు.